పదో తరగతి తర్వాత కరెంటు పని: మేస్త్రీ దగ్గరా, ఐటీఐలోనా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. నేను బీడీలు చేస్తాను. మా ఆయన పదకొండేళ్లుగా సౌదీలో ఉన్నారు. మా పెద్దబ్బాయికి పదహారేళ్లు, ఈ ఏడు పదో తరగతి పాసయ్యాడు. సెలవుల్లో ఊళ్లో వైరింగ్ మేస్త్రీ వెంట పనికి వెళ్లి, ఇక ఆ పనే నేర్చుకుంటానని పట్టుబట్టాడు. ఐటీఐలో ఏమీ నేర్పరని, రెండేళ్లు దండగని, తన దగ్గరే ఉంటే రోజుకు నాలుగు వందలు ఇస్తానని మేస్త్రీ అంటున్నాడు. బడిలో సారు పాలిటెక్నిక్‌లో చేర్పించమన్నారు. మూడు నెలల కోర్సు చేయించి, వయసు రాగానే సౌదీకి పంపమని మా మరిది అంటున్నాడు. ఇంటర్ చదవకపోతే వాడి చదువు అక్కడితో ఆగిపోయినట్టేనా? ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ మీ మేలు కోరినవారే. అయితే ఒక్కొక్కరు ఒక్కొక్క ఉద్యోగాన్ని మనసులో పెట్టుకొని మాట్లాడుతున్నారు. మేస్త్రీ ఇళ్లకు వైరింగ్ చేసే పని గురించి, సారు పనివాళ్ల మీద పర్యవేక్షణ చేసే ఉద్యోగం గురించి, మీ మరిది తొందరగా చేతికందే జీతం గురించి చెబుతున్నారు. మీ అబ్బాయి మాత్రం ఎలక్ట్రీషియన్ కావాలనుకుంటున్నాడు. పల్లెలో ఆ మాటను ప్లయరూ టెస్టరూ పట్టుకున్న ప్రతివారికీ వాడుతాం గానీ, చట్టంలో దానికి కొన్ని హద్దులున్నాయి. ముందు వాటిని తెలుసుకుంటే మిగిలిన నిర్ణయాలు సులువవుతాయి.

బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటివి పాడైతే మార్చుకోవడం మినహా, ఒక ఇంటికో దుకాణానికో కొత్తగా వైరింగ్ చేయాలన్నా, ఉన్న వైరింగ్‌ను పెంచాలన్నా, ఆ పనిని రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరు చేపట్టాలని, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలని, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతులతో అది జరగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఇది కొత్తగా పెట్టిన షరతు కాదు, 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే ఉంది. 2010లోనూ 2023లోనూ నిబంధనలను తిరగరాసినా ఈ మూడు అంచెలు అలాగే ఉన్నాయి. తెలంగాణలో ఈ లైసెన్సులను, సర్టిఫికెట్లను, పర్మిట్లను ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు వేరే బోర్డు ఉంది. పల్లెలో ఇల్లు కట్టుకునేవారు పర్మిట్ చూపించమని అడగరన్నది నిజమే, మీ మేస్త్రీ ధీమా కూడా అదే అయి ఉంటుంది. కానీ రైసు మిల్లు, ఆసుపత్రి, అపార్టుమెంటు వంటి చోట్ల సంతకం పెట్టగలిగినవారికే పని దక్కుతుంది. ఆ సంతకం లేని మనిషి ఎంత పనిమంతుడైనా జీవితాంతం ఇంకొకరి కిందే కూలి లెక్కన పనిచేయవలసి వస్తుంది.

అందువల్ల నా సలహా ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు. ఇది రెండేళ్ల కోర్సు. సైన్సు, గణితంతో పదో తరగతి పాసైనవారిని చేర్చుకుంటారు, పదో తరగతి మార్కుల ప్రతిభ ఆధారంగా సీట్లు ఇస్తారు. మొదటి సంవత్సరంలో భద్రతా నియమాలు, పనిముట్ల వాడకం, వైర్ల జాయింట్లు, సోల్డరింగ్, ఇంటి వైరింగ్, ఎర్తింగ్, మీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. రెండో సంవత్సరంలో మోటార్లు, స్టార్టర్లు, వైండింగ్, కంట్రోల్ ప్యానెల్ వైరింగ్, ఇన్వర్టర్, సోలార్ వరకు వస్తాయి. వైర్‌మన్ అనే ట్రేడు కూడా రెండేళ్లదే, దానికి ఎనిమిదో తరగతి చాలు. మీ అబ్బాయికి పదో తరగతి ఉంది కాబట్టి ఎలక్ట్రీషియన్ సీటు దొరికితే దానినే ఎంచుకోవాలి, ఎందుకంటే కంపెనీలు, రైల్వే ఇచ్చే ప్రకటనల్లో ఈ ట్రేడు పేరే ఎక్కువగా కనబడుతుంది.

ఇప్పుడు మేస్త్రీ అన్న మాటకు వస్తాను. నేను ఐటీఐలోనే పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి, ‘అక్కడ ఏమీ నేర్పరు’ అన్న మాట నాకు కొత్త కాదు, అందులో కొంత నిజం లేకపోలేదు. స్లాబు పోసే ముందు కడ్డీల మధ్య పైపులు పరిచే పనిని, గోడకు గాడి కొట్టి బాక్సులు సమమట్టంగా బిగించే పనిని, పైపులో ఐదారు వైర్లను మెలిక పడకుండా లాగే పనిని కట్టుబడి జరుగుతున్న ఇంట్లో నేర్చుకున్నంత బాగా వర్క్‌షాపు బోర్డు మీద నేర్చుకోలేరు. నా విద్యార్థుల్లో పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొని, మొదటి రోజు సైటులో నిచ్చెన ఎక్కి నిలబడలేకపోయినవారిని చూశాను. అయితే మేస్త్రీ దగ్గర దొరకనివి కూడా ఉన్నాయి. లైట్ల సర్క్యూట్‌కు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 వేయాలని మేస్త్రీ చెబుతాడు. అది సరైనదే. కానీ వైరు ఎంత పొడవైతే వోల్టేజీ ఎంత పడిపోతుందో, ఏ లోడుకు ఎన్ని ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు) వేయాలో లెక్కకట్టి చెప్పేవారు తక్కువ. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేయడం అందరికీ తెలుసు, ఆ ఎర్తింగ్ నిరోధం ఎన్ని ఓమ్‌లు వచ్చిందో కొలిచి చూసేవారు ఎందరు? కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దానిని తీసేసి నేరుగా కలిపే మేస్త్రీలు ఉన్నారు. అది ఎందుకు పడుతోందో మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే పరికరం) పెట్టి వెతకడం తెలిసినవాడు అలా కలపడు. ఆ ఇంట్లో గీజరు కింద స్నానం చేసే మనిషి ప్రాణం ఆ తేడా మీద ఆధారపడి ఉంటుంది.

కాబట్టి మేస్త్రీతో తెగతెంపులు చేసుకోవద్దు. ఐటీఐ తరగతులు ఉన్న రోజుల్లో తరగతులకే వెళ్లాలి, ఎందుకంటే హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. పండుగ సెలవుల్లో, వేసవిలో మేస్త్రీ దగ్గర పనిచేయవచ్చు. రోజుకు నాలుగు వందలు అన్న మాట మీ ఇంటికి చిన్నది కాదని తెలుసు. బీడీల కట్టలతో లెక్కపెట్టుకునే ఇంట్లో నెలకు పది వేలు వదులుకోమని చెప్పడం నాకు కూడా సులువు కాదు. అయితే ఆ కూలి నాలుగేళ్ల తర్వాత ఎంత అవుతుందని మేస్త్రీనే అడిగి చూడండి.

ఏ ఐటీఐలో చేర్పించాలన్నది ఏ కోర్సు చేయాలన్నంత ముఖ్యమైన ప్రశ్న. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం కాబట్టి మొదట దానికే ప్రయత్నించాలి. అక్కడ సీటు రాక ప్రైవేటు సంస్థకు వెళ్లవలసి వస్తే, చేరే ముందు మీరూ అబ్బాయీ కలిసి ఒక పనిదినం నాడు, ముందుగా చెప్పకుండా, వర్క్‌షాపు చూడటానికి వెళ్లండి. సంస్థ బోర్డు మీద ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) అని రాసి ఉండటం చాలదు, ఎలక్ట్రీషియన్ ట్రేడుకు ఆ సంస్థకు అనుబంధం ఉందో లేదో స్కిల్ ఇండియా డిజిటల్ పోర్టల్‌లో చూపించమని అడగండి. కొన్ని సంస్థలు ఒక ట్రేడుకు అనుమతి తెచ్చుకొని మరో ట్రేడు పేరు కూడా గోడ మీద రాసుకుంటాయి. వర్క్‌షాపులో మోటార్లు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడం కంటే వాటి మీద దుమ్ము ఉందా, స్క్రూల తలలు అరిగి ఉన్నాయా అని చూడటం మంచిది. పిల్లలు రోజూ విప్పి బిగించే మోటారు కొత్తదానిలా మెరుస్తూ ఉండదు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ రెండో సంవత్సరం పిల్లలను పక్కకు పిలిచి, ఈ నెలలో వైండింగ్ చేశారా, వైరు సంస్థే ఇచ్చిందా అని అడిగితే, ప్రిన్సిపాల్ గదిలో దొరకని సమాధానం దొరుకుతుంది. ‘రోజూ రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, మేం చూసుకుంటాం’ అని ఎవరైనా అంటే ఆ గడప మళ్లీ తొక్కకండి. చేతికి పని రాని సర్టిఫికెట్‌తో ఒక అబ్బాయి కరెంటు స్తంభం ఎక్కితే ఏమవుతుందో వాళ్లు ఆలోచించరు.

రెండేళ్లు పూర్తయి పరీక్ష పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు అక్కడితో శిక్షణ ముగిసిందనుకుంటారు. నా దృష్టిలో అసలు శిక్షణ ఆ తర్వాతి సంవత్సరంలోనే ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఐటీఐ పాసైన ఎలక్ట్రీషియన్ ఒక ఏడాది పాటు ఏదైనా పరిశ్రమలో అప్రెంటిస్‌గా పనిచేయవచ్చు. మీకు దగ్గరలోనే రామగుండంలో ఎన్‌టీపీసీ ఉంది, సింగరేణి గనులు ఉన్నాయి, కొంచెం దూరమైతే దక్షిణ మధ్య రైల్వే, రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్ ఉన్నాయి. రైల్వే అప్రెంటిస్ ఎంపికను పదో తరగతి, ఐటీఐ మార్కుల ఆధారంగా చేస్తుంది. అందువల్ల మార్కులతో పనేముందని అబ్బాయి అంటే ఈ మాట చెప్పండి. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండు నిర్ణయించారు. ఒప్పందం రాసుకునే రోజున అమల్లో ఉన్న మొత్తాన్ని అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో చూసుకోవాలి. ఒప్పందం ఆ పోర్టల్‌లో నమోదు కావడం చాలా ముఖ్యం. నమోదు చేయకుండా ‘అప్రెంటిస్’ అని పిలిచి పనిచేయించుకునే చోట ఏడాది గడిపినా చివర రాసే పరీక్షకు అర్హత రాదు, ఆ పరీక్ష లేకుండా నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు.

ఈ సర్టిఫికెట్‌ను కూడా, హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌ను కూడా మనవాళ్లు ‘న్యాక్’ అనే పిలుస్తారు. మీ మరిది చెప్పిన మూడు నెలల కోర్సు బహుశా రెండోదాని శిక్షణ అయి ఉంటుంది. అది చెడ్డదని నేననను. ఇంటి వైరింగ్‌లో చేయి తిప్పడం నేర్పుతారు, చదువు మధ్యలో ఆగిపోయినవారికి, వెంటనే ఇంటి భారం మోయవలసినవారికి అది ఒక ఆసరా. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లో నెల రోజుల హౌస్ వైరింగ్ కోర్సు కూడా ఉంది. కానీ మూడు నెలల కాగితం రెండేళ్ల ట్రేడ్ సర్టిఫికెట్‌కు సమానం కాదు. పదహారేళ్ల వయసులో, పదో తరగతి పాసై, రెండేళ్లు చదివే వీలున్న పిల్లవాడికి దానిని సూచించలేను.

అప్రెంటిస్ పూర్తయ్యాక మొదట చేయవలసిన పని వైర్‌మన్ పర్మిట్‌కు దరఖాస్తు చేయడం. లైసెన్సింగ్ బోర్డు ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి విభాగానికి అనుబంధంగా పనిచేస్తుంది. అబ్బాయి దగ్గరున్న రెండు సర్టిఫికెట్లు చూపించి, పర్మిట్‌కు అతడు ఏ పద్ధతిలో అర్హుడో ఆ కార్యాలయంలోనే అడగండి, దళారీని మధ్యలో పెట్టుకోవద్దు. అనుభవం పెరిగాక సూపర్‌వైజర్ సర్టిఫికెట్, ఆపై కాంట్రాక్టరు లైసెన్సు వైపు వెళ్లవచ్చు. అప్పుడు మీ మేస్త్రీయే అతని సంతకం కోసం రావచ్చు, అలాంటివి నేను చూశాను.

లైన్‌మన్ ఉద్యోగం గురించి మీరు అడగలేదు గానీ, ఊళ్లో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. విద్యుత్ పంపిణీ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టుకు పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడు గానీ, ఇంటర్ వొకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు గానీ ఉండాలి. తెలంగాణ దక్షిణ పంపిణీ సంస్థ 2023లో పిలిచిన పోస్టులకు 80 మార్కుల రాతపరీక్షలో 65 మార్కులు ఐటీఐ సిలబస్ నుంచే ఇచ్చారు, ఆ తర్వాత స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. ఇలాంటి ప్రకటనలు ఏటా రావు. వచ్చినప్పుడు సిద్ధంగా ఉండటానికి ఐటీఐ పుస్తకాలను అమ్మేయకుండా దాచుకోవాలి.

పాలిటెక్నిక్ విషయంలో సారు మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పాలిసెట్ రాసి మూడేళ్ల ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తే సబ్ ఇంజనీరు స్థాయి ఉద్యోగాలకు, తర్వాత ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరానికి దారి ఉంది. లెక్కలంటే ఇష్టం, కూర్చుని చదివే ఓపిక ఉన్న పిల్లవాడికి అదే మేలు. కానీ డిప్లొమాను పెద్ద ఐటీఐ అనుకోకూడదు. అక్కడ గణితం, థియరీ పాలు చాలా ఎక్కువ, చేతి పని తక్కువ. మీ ఉత్తరాన్ని బట్టి అబ్బాయికి పని మీద ఇష్టం ఉంది, చదువు అతడికి భారంగా ఉన్నట్టు తోస్తోంది. అతడిని బలవంతంగా డిప్లొమాలో చేర్పిస్తే మొదటి ఏడాదే సబ్జెక్టులు మిగిలిపోయి, రెండు దారుల మధ్య నిలిచిపోవచ్చు. తర్వాత మనసు మారితే దారి మూసుకుపోదు. తెలంగాణలో ఐటీఐ పాసైనవారు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్ లేకపోతే చదువు ఆగిపోయినట్టేనా అన్న మీ భయానికి కూడా ఒక సమాధానం ఉంది: పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారు జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా నిర్ణీత సబ్జెక్టులు రాసి పన్నెండో తరగతికి సమానమైన సర్టిఫికెట్ పొందే ఏర్పాటు 2016 నుంచి ఉంది.

ఇక సౌదీ. ఆ దేశంలో బతుకు ఎలా ఉంటుందో మీ ఆయన కంటే నాకు ఎక్కువ తెలియదు, ఎలక్ట్రీషియన్‌గా వచ్చినవారికీ కూలీగా వచ్చినవారికీ జీతంలో తేడా ఎంతో ఆయననే అడగండి. నేను చెప్పగలిగింది ఒకటి: సౌదీ అరేబియా ఇప్పుడు కొన్ని ట్రేడుల వారికి వీసాకు ముందు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతోంది, ఎలక్ట్రీషియన్ ఆ ట్రేడుల్లో ఒకటి. మూడు నెలల కోర్సుతో ఆ పరీక్షకు కూర్చున్న కుర్రాడికీ, మూడేళ్ల శిక్షణతో కూర్చున్న కుర్రాడికీ ఫలితం ఒకేలా ఉండదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి తనిఖీ అవసరం ఉండదు. అది సౌకర్యమే గానీ, తండ్రి కాలంలో ప్రభుత్వం చూసిన కాగితాలను ఇప్పుడు మీరే చూసుకోవాలని కూడా దాని అర్థం. ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము పన్ను కాకుండా 30,000 రూపాయలకు మించకూడదు. లక్షల్లో అడిగేవాడితో మాట్లాడే పని లేదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా నియామకాలు జరుగుతుంటాయి, మొదట అక్కడ నమోదు చేసుకోవడం మంచిది. ఇదంతా అబ్బాయికి ఇరవై ఏళ్లు దగ్గరపడ్డాక మాట, ఇప్పుడు తేల్చవలసిన పని లేదు.

ఇప్పుడే తేల్చవలసింది ఇంకొకటి ఉంది, ఈ ఉత్తరంలో మిగిలిందంతా మరిచిపోయినా దీనిని మరవకండి. కరెంటు పని నేర్చుకుంటున్నాడని తెలియగానే ఊళ్లో వాళ్లు అబ్బాయిని పిలవడం మొదలుపెడతారు. స్విచ్చు బోర్డు బాగుచేయమని పిలిస్తే ఫర్వాలేదు. పొలం దగ్గర మోటారు ఆగిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయింది, లైన్‌మన్ వచ్చేసరికి పొద్దుపోతుంది, నువ్వు వేసి రా అని పిలుస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ పంపిణీ సంస్థ ఆస్తి, దాని మీద చేయి వేయడానికి ఎంత పెద్ద ఎలక్ట్రీషియన్‌కైనా హక్కు లేదు. శాఖ సిబ్బంది కూడా సబ్‌స్టేషన్ నుంచి ‘ఎల్సీ’ తీసుకొని, అంటే లైను ఆపినట్టు మాట తీసుకొని, ఎర్తు తగిలించాకే పనిచేయాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైనును ఆపే ఏబీ స్విచ్ లాగేశాం, ఇక భయం లేదని నమ్మి, ఒక బ్లేడు సరిగా విడిపోని స్విచ్ కింద ప్రాణం పోగొట్టుకున్న మనుషులు మన పల్లెల్లో తక్కువేం లేరు. అవతలి ఇంట్లో జనరేటరో ఇన్వర్టరో నడుస్తుంటే ఆపిన లైనులోకి కూడా వెనక నుంచి కరెంటు రావచ్చు. ఆ పిలుపు వచ్చినప్పుడు కాదనడం పదహారేళ్ల అబ్బాయికి కష్టం, పెద్దవాళ్లు వరస కలిపి పిలుస్తారు కాబట్టి సిగ్గుపడతాడు. మా అమ్మ వద్దంది అని చెప్పే వీలు మీరు అతడికి ఇవ్వండి. అలాగే, మెయిన్ ఆపకుండా పనిచేయించే మేస్త్రీ అయితే ఎంత దగ్గరివాడైనా ఆ పనికి పంపవద్దు.

ఖర్చు గురించి మీరు రాయకపోయినా ఆ చింత ఉత్తరంలో కనబడుతూనే ఉంది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఉపకారవేతనం ఐటీఐ చదువుకు కూడా వర్తిస్తుంది, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. దానికి మీ బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు, ఆదాయ ధ్రువపత్రం, అబ్బాయి పేరున బ్యాంకు ఖాతా కావాలి. కార్డులో మీ పేరు, ఆధార్‌లో మీ పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించడానికే రెండు మూడు నెలలు పట్టవచ్చు, ఈలోగా గడువు దాటిపోతుంది.